బయానాకు ముందే వకీలు

మన వైపు ఇల్లు కొనే పద్ధతి అందరికీ తెలిసిందే. తెలిసినాయన ఒక ఇల్లు చూపిస్తాడు. ఇంటిల్లిపాదికీ నచ్చుతుంది. మధ్యవర్తి ఇంట్లో కూర్చుని బేరం తెంపుకుంటారు. "ఇయ్యాల మంచిరోజు, రేపటికి ఉంటదో లేదో" అనే మాట పడగానే బయానా చేతులు మారుతుంది. స్టాంపు కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకుని సంతకాలు పెడతారు. వకీలు గుర్తొచ్చేది ఆ తర్వాత. కొందరికి బ్యాంకు లోను ఆగినప్పుడు గుర్తొస్తాడు, ఇంకొందరికి కోర్టు నోటీసు వచ్చినప్పుడు.

ఈ అధ్యాయంలో చెప్పేది ఒక్కటే. ఆ వరసను తిరగేయండి. ముందు వకీలు, తర్వాత బయానా. కరీంనగర్‌లో కొన్నా, ఆదిలాబాద్‌లో కొన్నా, జగిత్యాలలోనో మంచిర్యాలలోనో కొన్నా, మీ జీవితకాలపు కష్టార్జితాన్ని కాపాడేది ఈ చిన్న మార్పే. బయానా ఇవ్వకముందు బేరం వదులుకోవడానికి మీకు పైసా ఖర్చు కాదు. ఇచ్చాక కాగితాల్లో లోపం బయటపడితే, ఆ డబ్బు వెనక్కి రావడానికే ఇంకో వకీలు కావాలి.

రిజిస్ట్రేషన్ అయితే ఇల్లు మనదైనట్టేనా?

చాలామంది నమ్మకం ఇదే. సర్కారు ఆఫీసులో ఫోటో దిగాం, వేలిముద్ర వేశాం, లక్షల్లో సుంకం కట్టాం, ఇంక తిరుగేముంది అనుకుంటారు. కానీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ నమోదు చేసేది దస్తావేజును మాత్రమే. అమ్మిన మనిషికి ఆ ఇంటి మీద నిజంగా హక్కు ఉందా లేదా అని తేల్చడం ఆయన పని కాదు. 2025 ఏప్రిల్‌లో కె. గోపి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే మళ్లీ స్పష్టంగా చెప్పింది. హక్కు రుజువు చూపలేదన్న కారణంతో రిజిస్ట్రేషన్‌ను తిరస్కరించవచ్చన్న తమిళనాడు నిబంధనను కొట్టేసింది.

దీని అర్థం సూటిగా చెప్పుకుందాం. తనది కాని ఇంటిని ఒకడు మీకు అమ్మి, రిజిస్ట్రేషన్ కూడా సజావుగా చేయించగలడు. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మే డబుల్ రిజిస్ట్రేషన్లు అలాగే పుడుతున్నాయి. లేని హక్కును రిజిస్ట్రేషన్ పుట్టించదు. అమ్మేవాడికి ఎంత హక్కు ఉందో, మీకు అంతే వస్తుంది.

కొన్ని దేశాల్లో పరిస్థితి వేరు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైన టోరెన్స్ పద్ధతిలో సర్కారు రిజిస్టరులో ఎవరి పేరుంటే హక్కు వారిదే, దానికి ప్రభుత్వమే పూచీ. ఇంగ్లండ్‌లో కూడా భూముల రిజిస్ట్రీకి అలాంటి పూచీ ఉంది. అయినా అక్కడ ఇల్లు కొనేవాళ్లు సొలిసిటర్‌నో, కన్వేయన్సర్‌నో పెట్టుకుంటారు. రిజిస్టరుకు అంతటి పూచీ ఉన్నచోటే అంత జాగ్రత్త పడుతుంటే, ఆ పూచీ లేని మన దగ్గర వకీలు లేకుండా ఇల్లు కొనడం ఎంత సాహసమో ఆలోచించండి.

ఎవరు ఎవరి మనిషి?

ఇంటి బేరం చుట్టూ నలుగురైదుగురు తిరుగుతుంటారు. అందరూ మన మంచి కోరేవాళ్లలాగే కనిపిస్తారు. ఎవరి పని ఏమిటో విడివిడిగా చూసుకోవాలి.

మధ్యవర్తికి బేరం కుదిరితేనే కమీషన్. కుదరకపోతే ఏమీ రాదు. ఆయన ఎంత మంచివాడైనా, "ఆగండి, ఇంకోసారి చూడండి" అని చెప్పడం ఆయనకు నష్టం.

డాక్యుమెంట్ రైటర్ మీరు చెప్పిన వివరాలతో దస్తావేజు తయారుచేస్తాడు, చలాన్ కట్టిస్తాడు, స్లాట్ బుక్ చేస్తాడు. రిజిస్టర్ ఆఫీసు పద్ధతులు ఆయనకు కొట్టినపిండి. కానీ వెనకటి హక్కును తవ్వి చూసి, దానికి బాధ్యత వహించడం ఆయన పని కాదు. మన ఊళ్లలో చాలామంది ఈయన్నే వకీలు అనుకుంటారు.

బ్యాంకు ప్యానెల్ వకీలు మూడో మనిషి. "బ్యాంకోళ్లు లోను ఇచ్చిన్రంటే కాగితాలు క్లియర్ ఉన్నట్టే గదా" అన్న మాట ఎంత తరచుగా వింటామో! ఆ వకీలు అభిప్రాయం రాసేది బ్యాంకు కోసం. బ్యాంకు చూసుకునేది తన అప్పు తిరిగి వస్తుందా అని. ఇంటి విలువలో కొంత భాగమే అప్పుగా ఇస్తుంది కాబట్టి దాని నష్టానికి హద్దు ఉంది. పైగా ఇంటికి ఏమైనా మీ జీతంలోంచి ఈఎంఐ ఆగదు. ఆ నివేదిక కాపీ ఇస్తారేమో అడగండి. ఇస్తే మీ వకీలుకు చూపించండి. మీ వకీలు చేయాల్సిన పనికి అది బదులు కాదు.

అమ్మేవాళ్ల వకీలు, బిల్డర్ వకీలు, "మా దోస్తు వకీలున్నడు, ఫ్రీగ చూస్తడు" అని మధ్యవర్తి పిలుచుకొచ్చే వకీలు, వీళ్లంతా అవతలి పక్షం వాళ్లే. మీరు ఎంచుకుని, మీరే ఫీజు ఇచ్చి, మీకే జవాబు చెప్పే వకీలు ఒక్కరు మీకు కావాలి.

ఫీజు దండగ అనిపిస్తే ఒక లెక్క చూడండి. తెలంగాణలో 2021 జులై 22 నుంచి అమలైన రేట్ల ప్రకారం స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం, మొత్తం 7.5 శాతం. 40 లక్షల ఇంటికి ఇది 3 లక్షలు. దీనికి మధ్యవర్తి కమీషన్ అదనం. హక్కు ఉందో లేదో చూసే ఒకే ఒక్క మనిషి దగ్గర మాత్రం మనం బేరమాడతాం.

మంచి వకీలును పట్టుకోవడం ఎట్లా?

వకీళ్లు ప్రకటనలు వేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది. కాబట్టి బోర్డులు, ఫ్లెక్సీలు చూసి ఎంచుకునే వీలు లేదు. అడిగి తెలుసుకోవాల్సిందే. ఈ రెండు మూడేళ్లలో అదే పట్టణంలో ఇల్లు కొన్నవాళ్లను అడగండి. "మీ వకీలు మంచోడేనా?" అని అడిగితే అందరూ అవుననే అంటారు. "ఆయన ఏం తప్పు పట్టిండు? ఏ కాగితం మళ్లీ తెమ్మన్నడు?" అని అడగండి. జవాబులో ఒక ఫలానా కాగితం పేరు వినిపిస్తే, ఆ వకీలు పని చేసినట్టు. జిల్లా కోర్టు బార్ అసోసియేషన్‌లో సివిల్ వైపు ప్రాక్టీస్ చేసేవారెవరో విచారించండి. క్రిమినల్ కేసుల్లో గొప్ప పేరున్న వకీలు, ఇంటి కాగితాల పనిలో అంతే సమర్థుడై ఉండాలని లేదు.

ఊరు తెలిసిన వకీలు అయితే మరీ మంచిది. కరీంనగర్ శివార్లలో ఏ సర్వే నంబరు మీద కేసులు నడుస్తున్నాయో, ఏ లేఅవుట్‌లో రోడ్డు స్థలాన్ని కూడా ప్లాట్లు చేసి అమ్మారో అక్కడి కోర్టులో రోజూ తిరిగేవాళ్లకు తెలుస్తుంది.

మొదటిసారి కలిసినప్పుడు ఈ ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి.

1. అమ్మేవాళ్లతో గానీ, మధ్యవర్తితో గానీ, బిల్డర్‌తో గానీ మీకు పరిచయం, పని సంబంధం ఉందా? (ఇలాంటి సంబంధం ఉంటే కక్షిదారుకు ముందే చెప్పాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలే అంటున్నాయి.)
2. లీగల్ ఒపీనియన్ రాతపూర్వకంగా, సంతకంతో ఇస్తారా?
3. ఎన్నేళ్ల వెనక్కి చూస్తారు?
4. రిజిస్టర్ ఆఫీసులో, కోర్టులో వెతికేది మీరా, జూనియరా, గుమాస్తానా?
5. ఫీజు ఎంత? అందులో ఏమేం కలిసి ఉన్నాయి? నకళ్ల ఖర్చు వేరా?
6. బయానా అగ్రిమెంటు, అమ్మకం దస్తావేజు ముసాయిదాలు మీరే చూస్తారా?
7. ఎన్ని రోజులు పడుతుంది?

మూడో ప్రశ్నకు "కనీసం 30 ఏళ్లు" అన్న జవాబు రావాలి. దానికి కారణం ఉంది. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం సొంతదారు తన స్థలం స్వాధీనం కోసం దావా వేయడానికి సాధారణంగా 12 ఏళ్ల గడువు ఉంటే, ప్రభుత్వానికి 30 ఏళ్ల గడువు ఉంది.

"రిజిస్ట్రేషన్ అయితేనే ఫీజు ఇస్తా" అనే ఒప్పందం మాత్రం పెట్టుకోకండి. అలా పెడితే మీ వకీలును కూడా మధ్యవర్తి పక్కన కూర్చోబెట్టినట్టే. "వద్దు" అని చెప్పినా ఆయన ఫీజు ఆయనకు అందాలి. అప్పుడే ఆ మాట నిర్భయంగా చెప్పగలడు.

ఒక ఈసీని దగ్గరగా చూద్దాం

వకీలు పని ఎలా ఉంటుందో తెలియాలంటే ఒక ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మీద వేలు పెట్టి చదవాలి. ఇది ఉదాహరణ కోసం చెప్పుకుంటున్న ఈసీ. అమ్మేవాడు "2009లో కొన్న, కాగితాలు పక్కాగ ఉన్నయి" అంటున్నాడు. ఈసీలో నాలుగు పద్దులున్నాయి.

మొదటిది, 1991లో ఒక పెద్దమనిషి 300 గజాలు కొన్నాడు. రెండోది, 2003లో దాన్ని ఒక బ్యాంకుకు కుదువ పెట్టాడు. మూడోది, 2009లో ఆయన కొడుకు 150 గజాలు ఇప్పటి అమ్మకందారుకు అమ్మాడు. నాలుగోది, 2014లో అదే కొడుకు మరొకరికి 200 గజాలు అమ్మాడు.

మామూలు కంటికి ఇందులో తప్పేమీ కనిపించదు. అమ్మేవాడి పేరుంది, 2009 ఉంది. వకీలు కంటికి మూడు ప్రశ్నలు కనిపిస్తాయి. కుదువ విడిపించినట్టు పద్దు ఏది? బాకీ తీరిందా, తీరితే విడుదల దస్తావేజు ఎందుకు లేదు? రెండోది, తండ్రి ఆస్తిని ఒక్క కొడుకే ఎలా అమ్మాడు? మిగతా వారసులు లేరా, ఆడబిడ్డలు లేరా? మూడోది, 150, 200 కలిపితే 350. తండ్రి కొన్నది 300. లేని 50 గజాలు ఎవరి హద్దులోంచి వచ్చాయి? మీరు కొనబోయే 150లోంచా, అవతలివాడి 200లోంచా? ఇల్లు కొన్న మరుసటి ఏడాది ప్రహరీ కట్టబోతే పక్కింటాయన కాగితాలు పట్టుకుని వచ్చేది ఈ 50 గజాల కోసమే.

ఈసీ విషయంలో ఇంకో మెళకువ ఉంది. ఏ వివరాలతో వెతికితే ఆ వివరాలకు సరిపోయే పద్దులే వస్తాయి. కొత్త ఇంటి నంబరుతో వెతికితే, అది ఖాళీ ప్లాటుగా ఉన్నప్పటి లావాదేవీలు రాకపోవచ్చు. అందుకే సర్వే నంబరు, ప్లాటు నంబరు, పాత ఇంటి నంబరు, కొత్త ఇంటి నంబరు, పాత దస్తావేజు నంబరు, అన్నిటితో విడివిడిగా వెతికించాలి. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి వివరాలు దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. 2016 అక్టోబరు 11న పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలయ్యాయి కాబట్టి పాత దస్తావేజులో ఉన్న జిల్లా పేరు, ఇప్పటి జిల్లా పేరు ఒకటి కాకపోవచ్చు. ఆ స్థలం ఏ కాలంలో ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉండేదో కూడా చూడాలి.

ఈసీలో కనిపించనివీ ఉన్నాయి. కోర్టులో దావా నడుస్తుంటే ఈసీలో ఆ సంగతి లేకపోవచ్చు. దావా నడుస్తుండగా ఇల్లు కొన్నవాళ్లు ఆ తీర్పుకు కట్టుబడాల్సిందే. 1882 ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ చెప్పేది అదే. కాబట్టి అమ్మేవాళ్ల పేర్లతో ఈ-కోర్టుల వెబ్‌సైటులో, స్థానిక కోర్టులో వెతికించండి. కాగితాలు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పుల కోసం తనఖాలు నమోదయ్యే కేంద్ర రిజిస్ట్రీ సెర్సాయ్‌ను చూడమనండి. సర్కారు, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూములుండే 22-ఏ నిషేధిత జాబితా కూడా చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఒరిజినల్ దస్తావేజులు మీ వకీలు టేబుల్ మీదికి రావాలి. "ఒరిజినల్ ఎక్కడో పోయింది, జిరాక్స్ ఉంది" అంటే, అది ఏ వడ్డీ వ్యాపారి బీరువాలోనో ఉండి ఉండవచ్చు.

మన జిల్లాల్లో ప్రత్యేకంగా చూడాల్సినవి

*ఉర్దూ కాగితాలు.* నిజాం పాలనలో రెవెన్యూ లెక్కలు ఉర్దూలో నడిచాయి. పాత సేత్వార్లు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ దాకా వెళ్లాల్సి వస్తే ఆ లిపి చదివేవాళ్లు కావాలి. తేదీలు ఫసలీలో ఉంటాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. ఇవి చదవడం వచ్చిన సీనియర్ వకీళ్లు కరీంనగర్, ఆదిలాబాద్ కోర్టుల్లో దొరుకుతారు. మీ వకీలుకు రాకపోతే ఎవరితో చదివిస్తారో అడగండి.

*సాదా బైనామా.* పల్లెల్లో తెల్ల కాగితం మీద అమ్మకాలు తరాలుగా జరిగాయి. నమ్మకం మీద నడిచిన రోజులవి. కానీ వంద రూపాయలు, ఆపై విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే చెల్లుతుంది. అమ్మేవాడి హక్కు సాదా బైనామా మీదే నిలబడి ఉంటే, దాన్ని చట్టప్రకారం క్రమబద్ధం చేయించుకున్నాకే మన దగ్గరికి రమ్మనాలి. ఆబాదిలోని పాత ఇళ్లకు చాలాసార్లు ఇంటి పన్ను రశీదు తప్ప ఏమీ ఉండదు. పన్ను రశీదు, మ్యుటేషన్ యాజమాన్యానికి రుజువు కావని కోర్టులు ఎన్నో తీర్పుల్లో చెప్పాయి.

*ఆడబిడ్డల వాటా.* 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ హిందూ ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీత శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. "మా అక్కచెల్లెళ్లకు పెండ్లిళ్లప్పుడే ఇచ్చినం, వాళ్లు అడగరు" అన్న మాట మీద ఇల్లు కొనకండి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చూసి, అందరి సంతకాలూ తీసుకోండి. మీకిది జాగ్రత్త, వాళ్లకు న్యాయం. వారసుల్లో మైనర్ ఉంటే కోర్టు అనుమతి సంగతి వకీలును అడగండి.

*అనుమతి లేని లేఅవుట్లు.* కరీంనగర్ చుట్టూ వ్యవసాయ భూములు ప్లాట్లయ్యాయి. పంచాయతీ తీర్మానంతో వేసిన లేఅవుట్‌కూ, డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళికా శాఖ) అనుమతి ఉన్న లేఅవుట్‌కూ చాలా తేడా ఉంది. 2020 ఆగస్టు 26 నుంచి అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం ఆపేసి, జీవో 131తో ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) తెచ్చింది. అంతకు ముందే ఒకసారి రిజిస్టరైన ప్లాట్లకు తర్వాత వెసులుబాటు ఇచ్చింది. ప్లాటుకు ఎల్‌ఆర్‌ఎస్ క్రమబద్ధీకరణ ఉత్తర్వు, ఇంటికి అనుమతి పత్రం, ప్లానుకూ కట్టిన ఇంటికీ పోలిక, ఈ మూడూ చూడాలి. అపార్టుమెంటు అయితే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు చూడండి. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా నమోదు తప్పనిసరి. రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు.

*సింగరేణి స్థలాలు.* బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని వంటి బొగ్గు పట్టణాల్లో కంపెనీ స్థలంలో కట్టుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కొన్ని జీవో 76 కింద క్రమబద్ధమయ్యాయి. సర్కారు స్థలాల్లోని ఇళ్లకు 2014 డిసెంబరులో వచ్చిన 58, 59 జీవోలు ఉన్నాయి. అమ్మేవాడి చేతిలోని పట్టా ఏ జీవో కింద వచ్చింది, దాన్ని అమ్ముకునే హక్కు ఉందా అన్నది వకీలే చూడాలి.

*ఏజెన్సీ.* ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, జైనూరు వైపు షెడ్యూల్డు గ్రామాల్లో 1959 నాటి భూబదిలీ నియంత్రణ నిబంధనలు, వాటిని గట్టిపరిచిన 1970 సవరణ అమల్లో ఉన్నాయి. జనం దీన్నే 1/70 చట్టం అంటారు. అక్కడి స్థిరాస్తిని గిరిజనులకో, గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకో తప్ప బదిలీ చేయకూడదు. ఒక గిరిజనేతరుడి దగ్గర మరో గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. ఒకే మండలంలో ఒక ఊరు షెడ్యూల్డు గ్రామం, పక్క ఊరు కాకపోవచ్చు. కాబట్టి ఊరి పేరుతో జాబితా చూపించుకోవాలి. "నోటరీ మీద రాసుకుందాం, ఇక్కడ అందరూ గట్లనే కొంటరు" అనేవాళ్లు దొరుకుతారు. కుమురం భీం నాటి నుంచి గోండులు, కొలాములు పోరాడి నిలుపుకున్న నేల అది. మీరు గిరిజనేతరులైతే అక్కడ కొనవద్దు. దానికి దారి చూపిస్తానన్న వకీలు దగ్గర ఏ పనీ పెట్టుకోవద్దు.

*గల్ఫ్ కుటుంబాలు.* జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఇళ్లలో దుబాయి, సౌదీ డబ్బుతో కొన్నవి ఎన్నో ఉంటాయి. కొనే మనిషి అక్కడ, కాగితాలు ఇక్కడ. అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపించండి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా దానికి స్టాంపు సుంకం కట్టించాలి. ఫలానా ఇల్లు, ఫలానా పని అని పేర్లతో రాసిన స్పెషల్ పవర్ అయితే దుర్వినియోగానికి తావు తక్కువ. మీరు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) పట్టుకున్న మనిషి దగ్గర కొంటుంటే, అది ఇచ్చిన అసలు యజమాని బతికి ఉన్నాడా, జీపీఏను రద్దు చేశాడా అని చూడాలి. వీడియో కాల్‌లో ఆయనతోనే నేరుగా మాట్లాడండి. కేవలం జీపీఏ రాయించుకుంటే యాజమాన్యం రాదని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఒపీనియన్‌ను ఎలా చదవాలి?

మంచి ఒపీనియన్‌లో నాలుగు భాగాలుంటాయి. చూసిన కాగితాల జాబితా, హక్కు ఒకరి నుంచి ఒకరికి ఎలా వచ్చిందన్న కథనం, కనిపించిన లోపాలు, చివరగా కొనవచ్చా లేదా అన్న మాట. చాలావరకు ఇంగ్లిషులో ఉంటుంది. అర్థం కాకపోతే తలూపి రాకండి. "వకీల్ సాబ్, నాకు తెలుగుల జెప్పుండ్రి, మా ఇంట్ల వాళ్లకు చెప్పాలె" అని కూర్చోండి. చెప్పించుకోవడం మీ హక్కు.

చివరి పేరాలో "ఫలానా కాగితం సమర్పిస్తే", "ఫలానా షరతుకు లోబడి" అన్న మాటలుంటే, పెన్ను తీసి కింద గీత గీయండి. ఆ షరతులు తీరేదాకా ఒపీనియన్ పూర్తి కానట్టే. జాబితాలో "నకలు" అని రాశారా, "ఒరిజినల్" అని రాశారా చూడండి. వకీలు దగ్గర ఏదీ దాచకండి. అమ్మేవాడి అన్నదమ్ముల గొడవ గురించి మీరు విన్న పుకారు కూడా చెప్పండి. కొంత డబ్బు నగదుగా ఇమ్మంటున్నారని కూడా చెప్పండి. స్థిరాస్తి బేరంలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది. ఇంటి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లే 1 శాతం టీడీఎస్ మినహాయించి కట్టాలి.

బయానా అగ్రిమెంటు

ఒపీనియన్ బాగుందన్నాకే బయానా. అదీ చెక్కు ద్వారానో, బ్యాంకు బదిలీ ద్వారానో. అగ్రిమెంటులో ఇంటి షెడ్యూలు, నాలుగు హద్దులు, పూర్తి ధర, గడువు తేదీ, ఎప్పుడు స్వాధీనం చేస్తారు, హక్కులో లోపం తేలితే ఎన్ని రోజుల్లో డబ్బు వాపసు ఇస్తారు, బ్యాంకు లోను రాకపోతే ఏం చేయాలి అన్నవి ఉండాలి. అమ్మకానికి సంతకం పెట్టాల్సిన వాళ్లందరూ దీని మీదా పెట్టాలి. దీన్ని రిజిస్టరు చేయించడం మేలు. అవతలివాళ్లు మాట తప్పితే అమలు కోసం దావా వేయడానికి మూడేళ్లే గడువు ఉంటుంది. కాబట్టి "ఇయ్యాల రేపు" అంటూ సాగదీస్తే వెంటనే వకీలుకు చెప్పండి. స్థానిక పత్రికలో బహిరంగ ప్రకటన వేయించి అభ్యంతరాలు పిలవమని కూడా అడగండి. మనకు తెలియని వారసులు బయటికి వచ్చేది దానివల్లనే.

వకీలు చేయలేనిది, మీరు చేయాల్సింది

కాగితం వకీలుది, నేల మీది. దస్తావేజులోని హద్దులు చేతిలో పట్టుకుని ఇంటి ముందు నిలబడండి. తూర్పున 20 అడుగుల రోడ్డు అని ఉంటే టేపు పట్టి కొలవండి. 14 అడుగులే ఉంటే, మిగతా ఆరడుగులు ఎవరో కలుపుకున్నారన్న మాట. అది మీరు కొనబోయే ఇల్లే అయి ఉండవచ్చు. ఇంట్లో ఉన్నది యజమానా, కిరాయిదారా? కిరాయిదారు అయితే ఎప్పటి నుంచి, ఖాళీ చేస్తానంటున్నాడా? పక్కిళ్ల వాళ్లతో మాట్లాడండి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లండి. చూసినవన్నీ కాగితం మీద రాసి వకీలుకు ఇవ్వండి.

రిజిస్ట్రేషన్ రోజు పొద్దున మళ్లీ ఈసీ తీయించండి. దస్తావేజు ముసాయిదాను అంతకు ముందే వకీలు చదివి ఉండాలి. పేర్లు, గజాలు, హద్దులు మీరూ చదవాలి. పూర్తి డబ్బు ముట్టే సమయానికి ఒరిజినల్ లింకు పత్రాలు, తాళంచెవులు మీ చేతికి రావాలి. కొన్ని రోజుల తర్వాత ఇంకోసారి ఈసీ తీసి మీ పేరు ఎక్కిందో లేదో చూసుకోండి. ఇంటి పన్ను, కరెంటు మీటరు, నల్లా మీ పేరు మీదికి మార్పించుకోండి.

వకీలు "వద్దు" అంటే

ఇల్లు నచ్చింది. పిల్లల బడి దగ్గర. ఇంట్లో పూజగది ఎక్కడో కూడా అనుకున్నారు. అప్పుడు వకీలు తలూపకపోతే కోపం వస్తుంది. కొందరు "ఓకే" అనే ఇంకో వకీలు దొరికేదాకా తిరుగుతారు. అలా చేయకండి. లోపం ఏమిటి, దాన్ని సరిచేయడానికి వీలుందా, సరిచేయాల్సింది ఎవరు అని అడగండి. విడుదల దస్తావేజో, చెల్లెలి సంతకమో వంటివి అమ్మేవాళ్లు తెచ్చిపెట్టగలరు. తెచ్చాకే ముందుకు వెళ్లండి. సర్కారు భూమి, ఏజెన్సీ భూమి, నడుస్తున్న దావా వంటి వాటిని మీ ఓపిక సరిచేయలేదు. ఫీజు ఇచ్చి, నమస్కారం పెట్టి, ఇంకో ఇల్లు వెతుక్కోండి.

ఎంచుకునే దగ్గరే ఇంత జాగ్రత్త ఎందుకంటే, 2024 మే 14న ఇచ్చిన తీర్పులో వకీళ్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు తప్పు చేస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లలేరు. దుష్ప్రవర్తన అయితే బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, నష్టం కోసం సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. రెండూ నెమ్మదిగా నడిచే దారులే.

ఇప్పుడే ఇల్లు వెతకడం మొదలుపెట్టారా? అయితే ఈ వారం ఇళ్లు చూడడం ఆపి ఒక పని చేయండి. ముగ్గురు సివిల్ వకీళ్ల పేర్లు సేకరించి, కనీసం ఇద్దరిని కలిసి, పైన రాసిన ఏడు ప్రశ్నలూ అడగండి. ఒకరిని ఖాయం చేసుకోండి. ఆ తర్వాత ఏ ఇల్లు నచ్చినా, ఎవరు ఎంత తొందరపెట్టినా మీ నోట ఒకే మాట రావాలి: "కాగితాలు మా వకీలుకు ఇయ్యుండ్రి. ఆయన సంతకం పెట్టిన రోజే బయానా." నిజంగా హక్కున్నవాళ్లు ఈ మాటకు నొచ్చుకోరు, కాగితాలు తెచ్చి ఇస్తారు. ఇవ్వడానికి వెనకాడితే మాత్రం, ఆ ఇల్లు ఎంత చవకగా వస్తున్నా వదిలేయండి.